చీట్లాటలో ఇంగితజ్ఞానం

దసరా సాయంకాలం జమ్మిపూజ ముగించుకొని, ఎదురైనవారి చేతిలోనెల్ల ఆకుబంగారం పెట్టి, అలాయ్ బలాయ్ తీసికొని, ఇంటికి వచ్చి కాళ్లు కడుగుకొనేసరికి మా వసారాలో చాప పరచి ఉన్నది. పిల్లలు దాని మీద గుండ్రంగా కూర్చుండి నా కొరకు కాచుకొని ఉన్నారు. కరీంనగరంలోని మా ఇంట పండుగనాటి రాత్రి చీట్లాట ఆడడం ఇరవై యేండ్లుగా వస్తున్న వాడుక. ఇంటిల్లిపాదీ కూడే రోజు కనుక ఆటకు మనుషులు చాలకపోవడమంటూ ఉండదు. ఈ యేడు హైదరాబాదు నుంచి మా మేనల్లుడు కూడ వచ్చినాడు. అతడు అక్కడ ఒక కంప్యూటరు కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాడు.

ఆట అందరికీ తెలిసిందే. నోటుపుస్తకంలో నుంచి ఒక కాగితం చించి ఆరు ముక్కలు చేసి రాముడు, లక్ష్మణుడు, భరతుడు, శత్రుఘ్నుడు, హనుమంతుడు, సీత అని వ్రాసి, మడచి, దోసిట కుదిపి చాప మీద వేస్తారు. తలా ఒకటి తీసికొంటారు. రాముని చీటి వచ్చినవాడు దానిని విప్పి చూపవలె. తక్కినవారు తమ చీట్లు దాచుకొంటారు. ఆ అయిదుగురిలో సీత ఎవరో రాముడు కనిపెట్టవలె. మా ఇంటి లెక్కలో రామునికి 1000, లక్ష్మణునికి 800, పిదప వరుసగా 700, 600, 500. సీతకు సున్న. రాముడు సరిగా చెప్పితే వేయీ అతనికే దక్కుతుంది. తప్పితే ఆ వేయి సీతకు పోయి సున్న అతని పేర పడుతుంది. ఊరూరికీ ఈ అంకెలు మారుతవి. పేర్లు కూడ మార్చి రాజు, రాణి, దొంగ, పోలీసు అని ఆడేవారున్నారు. ఏ పేరు పెట్టినా ఆట కీలకం ఒక్కటే. చేతిలోని కాగితం మనకు ఒక పాత్రను ఇస్తుంది. ఎదుటివాడు మన మొగం చూచి ఆ పాత్రను పట్టవలె.

పులి-మేకలో ఈ చిక్కు లేదు. బండ మీద గీచిన గీతల నడుమ పులులూ మేకలూ అన్నీ కంటి ఎదుటనే ఉంటవి. బుద్ధి ఉన్నవాడు గెలుస్తాడు. పచ్చీసులో గవ్వలు పడ్డట్లు కాయలు నడుస్తవి. అందులో దైవం పాలు హెచ్చు. చీట్లాటలో బుద్ధికీ దైవానికీ ఉన్న చోటు కొంచెమే. ఇక్కడ ఆడే పలక మనిషి మొగమే.

మా తమ్ముని కూతురు తొమ్మిదేండ్లది. ఆటలో ఆ పిల్లను ఓడించడం పెద్దలకు కూడ కష్టం. రెండేండ్ల క్రిందట నేను ఒక సంగతి కనిపెట్టినాను. లక్ష్మణుడు వచ్చినప్పుడు ఆ పిల్ల క్రింది పెదవిని పంటితో నొక్కుతుంది. ఎనిమిది వందలు కాపాడుకొనవలెనన్న సంతోషం అక్కడ తొణుకుతుంది. సీత వచ్చిందా, కదలక మెదలక కూర్చుండి పైన తిరిగే ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుతున్నట్లు చూస్తుంది. ఆ యేడు వరుసగా నాలుగు మార్లు పట్టినాను. అయిదవ మారు కూడ ఫ్యాను వైపు చూచింది, నేను వేలు చూపినాను, చీటి విప్పితే శత్రుఘ్నుడు! నేను తన మొగం చదువుతున్నానని గ్రహించి, ఆ మొగాన్నే నాకు ఉచ్చుగా పన్నింది. "నీ సూపు నేను సూస్తలేనా పెదబాపూ?" అన్నది. అప్పటి నుంచి మా యిద్దరి మధ్య ఆట చీట్లను దాటిపోయింది. నేను చూస్తున్నానని ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసునని నాకు తెలుసు.

ఈ విద్యకు మన భాషలో ఉన్న పేరు ఇంగితజ్ఞానం. ఇంగితమనగా మనసులోని అభిప్రాయాన్ని బయటపెట్టే చేష్ట. కనుబొమ కదలిక, వ్రేలి వణుకు, కూర్చున్నవాడు కాలు మార్చి కూర్చుండడం. వీటిని చూచి లోపలి మాట తెలిసికొనడమే ఇంగితజ్ఞానం. నేటి వాడుకలో ఈ మాట "ఆ మాత్రం ఇంగితం లేదా?" అనే తిట్టులో మిగిలి, లోకజ్ఞానమనే అర్థంలో స్థిరపడ్డది. పదం అర్థం జారిన తీరు చూస్తే నవ్వు వస్తుంది గాని, జారిన దారి తప్పు దారి కాదు. ఎదుటివాని మనసు కనిపెట్టి మసలుకొనడమే గదా లోకజ్ఞానమంటే!

ఆట పేరే రాముడు-సీత కనుక రామాయణం తలపునకు రాక మానదు. ఇంగితం చదివే ఘట్టాలు వాల్మీకంలో అనేకం. కిష్కింధలో హనుమంతుడు భిక్షురూపం ధరించి రామలక్ష్మణుల ఎదుటికి వస్తాడు. అది వేషమే, సుగ్రీవుడు పంపగా పరీక్షించడానికి వేసిన వేషం. రాముడు ఆ మాటతీరును మెచ్చుతూ, మాటాడేటప్పుడు మొగాన, కన్నులలో, నొసట, కనుబొమలలో ఎక్కడా దోషం కనబడలేదని లక్ష్మణునితో అంటాడు. మాట వింటూ మొగం చదివినాడన్న మాట.

విభీషణుడు నలుగురు అనుచరులతో సముద్రం దాటి వచ్చినప్పుడు ఇదే పరీక్ష మరింత గంభీరంగా జరిగింది. వానరులలో తలకొక్కరు ఒక్కొక్క ఉపాయం చెప్పినారు. వేగులవానిని పంపుదమని ఒకరు, మెల్లగా ప్రశ్నలు వేసి భావం రాబట్టుదమని ఒకరు. హనుమంతుడు అడ్డు చెప్పినాడు. ఉన్నట్టుండి ప్రశ్నిస్తే బుద్ధిమంతుడు శంకిస్తాడు, మిత్రుడై వచ్చినవాడైతే ఆ మైత్రి చెడుతుందన్నాడు. వచ్చినవాని మాటలో దుష్టభావం లేదు, మొగం ప్రసన్నంగా ఉన్నదన్నాడు. అంతటితో ఆగలేదు. వాలి చచ్చిన సంగతి, సుగ్రీవునికి పట్టం కట్టిన సంగతి విని, రాజ్యం కోరి వచ్చి ఉంటాడని కారణం కూడ చూపినాడు. మొగం చెప్పిన సాక్ష్యానికి సందర్భం తోడైనందువల్లనే హనుమంతుని మాటకు అంత బలం వచ్చింది.

హనుమంతుడు మాత్రం ఈ విద్యతో పుట్టలేదు. అంతకు ముందే లంకలో అతడు ఈ చీట్లాట ఆడి తప్పు చీటి చూపినవాడు! రావణుని అంతఃపురంలో వేరు పాన్పు మీద నిద్రిస్తున్న మండోదరిని చూచి, ఆ రూపం, ఆ యౌవనం బట్టి ఈమెయే సీత అనుకొన్నాడు. పట్టరాని సంతోషంతో భుజాలు చరచుకొన్నాడు, తోకను ముద్దు పెట్టుకొన్నాడు, స్తంభాలెక్కి దూకినాడు. పిదప నిలిచి ఆలోచించుకొన్నాడు. రాముని ఎడబాసిన సీత ఇట్లు సుఖంగా నిద్రపోవునా, భుజించునా, అలంకరించుకొనునా? కాదు, ఈమె మరొకతె అని తేల్చుకొన్నాడు. చూచినది మొదట ఎంతో, తరువాతా అంతే. మారినదల్లా ఒక్కటి. మొదట ఆకారాన్ని చూచినాడు, తరువాత మనిషి స్వభావాన్ని తలచుకొన్నాడు. సుందరకాండలో నాకు మిక్కిలి ఇష్టమైన తావులలో ఇది ఒకటి. పారాయణం చేసేవారు దీనిని గబగబ దాటిపోతారు.

జమ్మిచెట్టును తలచుకొన్న రోజు కనుక విరాటపర్వం కూడ చెప్పుకొనవలె. ఆయుధాలు జమ్మి మీద దాచి, ఆరుగురు ఆరు వేషాలు వేసికొని ఒక యేడు మరొకరుగా బ్రతికిన కథ అది. ఆటలో పాత్ర కొద్దిసేపే, అక్కడ సంవత్సరం. వలలుడై వచ్చిన భీముని చూచి విరటుడు, నీవు వంటవానివలె లేవు, రాజువలె వెలుగుతున్నావంటాడు. కన్ను సరిగానే చూచింది, కాని కొలువు ఇచ్చి వంటింటికే పంపినాడు. సుధేష్ణ అంతకంటె దగ్గరగా వచ్చింది. అంతఃపుర స్త్రీల వినోదం కొరకు వలలుడు సింహాలతో, దున్నలతో పెనగుతుంటే సైరంధ్రి తల్లడిల్లిపోవడం ఆమె కనిపెట్టింది. వీరిద్దరి నడుమ ఏదో వలపు ఉన్నదని చెలికత్తెలతో పరిహాసమాడింది. ద్రౌపది స్వయంగా భీమునితో ఈ మాట చెప్పుకొని కుమిలిపోతుంది. వ్యాసభారతంలో ఈ పట్టు చూడండి. గుర్తు సరి, అర్థం తప్పు. ఆ తల్లడింపులో ప్రేమ ఉన్నదని పట్టిన రాణి, ఆ ఇద్దరు ఎవరో మాత్రం పట్టలేకపోయింది.

ఇంతకూ నేనీ వ్యాసానికి పూనుకొన్నది మా మేనల్లుని ఒక్క మాట వలన. నేను రాముడనై ఒక్కొక్కరి మొగం పరికిస్తుండగా అతడు నవ్వి, "మా ఆటల అయితే దీనికి పాచిక వేస్తం మామా" అన్నాడు. జేబులో నుంచి ఒక చిన్న సంచి తీసి, అందులోని పాచికలు చాప మీద పోసినాడు. వాటిలో ఒకటి రేగుపండంత ఉన్నది. దానికి ఇరవై ముఖాలు, ముఖానికొక అంకె.

వారాంతాలలో అతడూ, అతని స్నేహితులూ బల్ల చుట్టూ కూర్చుండి ఆడే పాత్రల ఆట అది. ఈ జాతి ఆటలకు మూలమనదగినది డంజన్స్ అండ్ డ్రాగన్స్. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికావారు కల్పించగా 1974లో అచ్చయింది. ఆడేవారిలో ఒకరు సూత్రధారి. వర్తకుడు, కావలివాడు, రాక్షసుడు, దారిన పోయే ముసలమ్మ, అందరి మాటలూ అతడే మాటాడుతాడు. తక్కినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు. వేషం ఉండదు, రంగస్థలం ఉండదు. కథ నోటి మాటతో నడుస్తుంది. పాత్రకు బలమెంత, తెలివి యెంత, ఏయే విద్యలలో నేర్పు ఉన్నది అనేది కాగితం మీద అంకెలలో వ్రాసి ఉంటుంది. గోడ దూకవలెనన్నా, తాళం విప్పవలెనన్నా పాచిక వేసి, వచ్చిన దానికి ఆ నేర్పు అంకె కలుపుతారు.

ఆ విద్యలలో మన ఇంగితజ్ఞానం కూడ ఒకటి! 2000లో వచ్చిన మూడవ కూర్పులో దానికి సెన్స్ మోటివ్ అని పేరు. 2014 నాటి అయిదవ కూర్పులో ఇన్‌సైట్ అన్నారు. కావలివాడు అబద్ధమాడుతున్నాడా అని ఆటగాడు అనుమానిస్తే పాచిక వేస్తాడు. కావలివాని పక్షాన సూత్రధారి కూడ మోసపు నేర్పుకు పాచిక వేస్తాడు. ఎవరి మొత్తం ఎక్కువైతే వారిది గెలుపు.

నాకిది మొదట ససేమిరా నచ్చలేదు. మొగం చూచే పనిని పాచికకు అప్పగించడమేమిటి? ఎదుట మనిషి కూర్చుండి మాటాడుతుంటే కన్ను మూసుకొని అంకె చూచుకొనడమా? అదే మాట అన్నాను. మేనల్లుడు తొణకక జవాబు చెప్పినాడు. "గోడ దూకుటానికి నన్ను లేచి దూకమనరు గద మామా. నా పాత్ర వస్తాదు, నేను కాదు. అట్లనే నా పాత్ర మనుషులను సదివిన సన్నాసి అయితే, నాకు సదువరాకపోతే ఏం జెయ్యాలె?" ఈ వాదం కొట్టిపారవేయదగినది కాదు. వారి బృందంలో ఒక అమ్మాయి ఉన్నదట. ఎదుటివారి కన్నులలోకి చూచి మాటాడడం ఆమెకు చేతకాదు. ఆటలో మాత్రం ఆమె పాత్ర దేశదేశాల రాయబారుల గుట్టు విప్పే మంత్రిణి. పాచిక లేకపోతే ఆ పాత్ర ఆమెకు దక్కదు. నాటకంలో పిరికివాడు అర్జునుని వేషం వేస్తే మనం కాదంటామా?

అయినా ఆటలో కన్ను పూర్తిగా మూసుకోదు. మేనల్లుడే ఒప్పుకొన్నాడు. సూత్రధారి ఒక పాత్రగా అబద్ధం చెప్పేటప్పుడు గొంతు కొంచెం మారుతుంది, కాగితాలు సవరించుకొంటాడు. ఏండ్ల తరబడి కలిసి ఆడినవారికి పాచిక అక్కరలేదు. కాని అది పాత్ర పట్టిన గుట్టా, ఆటగాడు పట్టిన గుట్టా అని వారిలో వారికే తగవు వస్తుందట. పాచికలు లేని మరొక ఆట కూడ వారు ఆడుతారు, మాఫియా అని దాని పేరు. 1986లో మాస్కో విశ్వవిద్యాలయంలో దిమిత్రి దవీదొవ్ అనే మనస్తత్వశాస్త్ర విద్యార్థి కల్పించినాడు. గుంపులో దాగిన హంతకులెవరో తక్కినవారు మాటలతో, చూపులతో పట్టవలె. మన దొంగ-పోలీసు చీట్లాటకు అది దూరపు చుట్టమే.

నన్ను ఆపింది మరొక మాట. పాచిక గెలిచినా సూత్రధారి "వాడు అబద్ధమాడుతున్నాడు" అని చెప్పడట. "వాడు నీ కన్ను తప్పించుకొంటున్నాడు, దేనికో భయపడుతున్నట్లున్నాడు" అంటాడట. మంచి సూత్రధారి అట్లే చెప్పవలెనని వారి నియమం. గుర్తు ఇస్తాడు, అర్థం ఇవ్వడు. ఓడినవానికైతే "ఏమీ తోచలేదు" అంటాడే గాని "వాడు సత్యవంతుడు" అనడు.

ఈ మాట వినగానే మితాక్షర తలపునకు వచ్చింది. సాక్షి మొగం చదవడం మన ధర్మశాస్త్రాలు ఎన్నడో చెప్పినవి. న్యాయం విచారించేవాడు కంఠస్వరం, మొగపు రంగు, ఇంగితం, ఆకారం, చూపు, చేష్టలను బట్టి లోపలి భావం తెలిసికొనవలెనని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం చెప్పుతుంది. యాజ్ఞవల్క్యుడు మరింత వివరించినాడు. ఒక చోట నిలువలేనివాడు, పెదవుల మూలలు నాకేవాడు, నొసట చెమట పట్టేవాడు, మొగం రంగు మారేవాడు, నోరెండి మాట తొట్రుపడేవాడు, చూపు నిలుపలేనివాడు, వీరు దుష్టులని గుర్తులు చెప్పినాడు. నేటి పోలీసు శిక్షణ పుస్తకంలోనిది అన్నా నమ్మవచ్చు. ఈ స్మృతికి కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్యాఖ్య వ్రాసినాడు. ఆ చక్రవర్తి ఏలినది 1076 నుంచి 1126 వరకు. మన కరీంనగర ప్రాంతం కూడ ఆనాడు ఆ చాళుక్యుల ఏలుబడిలోనిదే. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన ఆ ధర్మశాస్త్రాన్ని విజ్ఞానేశ్వరీయమనే పేర తెలుగు చేసినాడు. ఆ వ్యాఖ్యాత యాజ్ఞవల్క్యుని గుర్తులన్నీ వివరించి, చివర ఒక హెచ్చరిక పెట్టినాడు. ఇవి దోషం ఉండవచ్చునని తలచడానికి మాత్రమే, దోషాన్ని నిశ్చయించడానికి కావు. ఏలనన స్వభావం వలన కలిగిన వికారమేదో, నిమిత్తం వలన కలిగిన వికారమేదో వేరు చేయడం దుర్లభం.

ఒక్క వాక్యం. తొమ్మిది వందల యేండ్ల నాటిది. నేటి పరిశోధకులు అంకెలతో చెప్పుతున్నది దీనినే. 2006లో చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే అమెరికా మనస్తత్వశాస్త్రవేత్తలు అంతకు ముందు జరిగిన పరీక్షలన్నీ కూర్చి, సుమారు 24 వేల మంది ఇచ్చిన తీర్పులు లెక్కించినారు. ఎదుటివాడు చెప్పేది నిజమా అబద్ధమా అని మనుషులు సరిగా పోల్చింది నూటికి 54 మార్లు. బొమ్మా బొరుసూ వేసినా 50 వచ్చేది. పాల్ ఎక్‌మన్ అనే మరొకాయన 1985లో వ్రాసిన గ్రంథంలో ఒక పొరపాటుకు ఒథెల్లో పేరు పెట్టినాడు. కాషియో చచ్చినాడని విని డెస్డిమోనా ఏడ్చింది, ఒథెల్లో ఆ కన్నీరే నేరానికి సాక్ష్యమనుకొన్నాడు. నమ్మరేమోనన్న భయం కూడ దొరికిపోతానేమోనన్న భయంవలెనే కనబడుతుంది.

విజ్ఞానేశ్వరుని వాక్యం నాకు కంఠస్థం. నాట్యశాస్త్రంలోని సాత్త్వికభావాలు ఎనిమిదింటినీ ఇన్నేండ్లు తరగతిలో చెప్పినాను. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. ఒక్క స్వేదానికే భరతుడు ఎన్ని కారణాలు చెప్పినాడో విద్యార్థులచేత వల్లె వేయించినాను. కోపం, భయం, సంతోషం, సిగ్గు, దుఃఖం, శ్రమ, రోగం, ఎండ. ఇన్ని చెప్పినవాడనే ఒకనాడు ఏమి చేసినానో చెప్పవలసి ఉన్నది.

ఇరవై యేండ్లు దాటింది. ఆదిలాబాదు జిల్లాలో ఒక పరీక్షా కేంద్రం, పేరు అక్కరలేదు. వానకాలంలో జరిగిన సప్లిమెంటరీ పరీక్షలు. నేను ఆ గదిలో కాపలా. మూడవ వరుసలో ఒక గోండు విద్యార్థి ఎడమ చేయి బల్ల క్రింద తొడల నడుమ బిగించుకొని వ్రాస్తున్నాడు. నొసట చెమట. నేను అటు పోతే తల మరింత వంచుకొన్నాడు. దగ్గరకు పోయి నిలుచుంటే వ్రేళ్లు వణికి కలం క్రింద పడ్డది. నాకు ఇంకేమి కావలె? చెమట, వణుకు, తప్పించుకొనే చూపు, దాచిన చేయి. యాజ్ఞవల్క్యుడు చెప్పినవన్నీ ఒక్కచోట! లేవమన్నాను. నలుబది మంది చూస్తుండగా చొక్కా చేతులు విప్పించినాను, జేబులు బయటికి తిప్పించినాను. మడచిన చీటి ఒకటి బయటపడ్డది.

ఆ చీటి అందుకొన్నప్పుడు నాలో కలిగినది గెలిచినవాని సంతోషమే. దానిని ఇప్పుడు కప్పిపుచ్చి లాభం లేదు. విప్పి చూచినాను. సర్కారు దవాఖాన చీటి. ముందునాటి తేదీ, జ్వరమని వ్రాత. అందులోనే చుట్టి పెట్టిన రెండు మాత్రలు. చేయి పట్టి చూస్తే కాలిపోతున్నది. చలిజ్వరం. వణుకు ఆపుకొనడానికే చేయి బిగించుకొన్నాడు. పెద్దల ఎదుట తలవంచుకొనడం నేను దోషమనుకొన్నాను. వారి ఇండ్లలో అది మర్యాద.

కూర్చుండుమన్నాను. నీళ్లు తెప్పించినాను. తోటి అధ్యాపకుడొకాయన నాకు ధైర్యం చెప్పబోయి, "చూస్తె అట్లనే అనిపిస్తది గద సార్" అన్నాడు. ఆ పిల్లవాడు నన్ను ఒక్క మాట అనలేదు. కొంతసేపు కాగితం వైపు చూస్తూ కూర్చుండి, గంట కొట్టకముందే ఇచ్చి వెళ్లిపోయినాడు. మరునాటి పరీక్షలో ఆ స్థలం ఖాళీగా ఉన్నది. జ్వరం హెచ్చినదో, సిగ్గుపడినాడో. హాజరు పట్టిక చూస్తే ఊరి పేరు తెలిసేదే. చూడలేదు, ధైర్యం చాలలేదు.

తరువాత కొన్నేండ్లకు, దీపావళి రోజులలో ఉట్నూరు వైపు ఒక గూడెంలో దండారి చూచే అవకాశం కలిగింది. నెమలి పింఛాల కిరీటాలు పెట్టి, గడ్డాలు కట్టి, ఒంటినిండ బూడిద పూసికొని గుస్సాడీలు ఆడుతున్నారు. ఆ రోజులలో వారు వారు కారు, దేవతాంశ కలవారని ఊరి నమ్మకం. పది పన్నెండుమంది ఉన్నారు. మొగాలు కనబడవు గనుక నా కంటికి అందరూ ఒక్కటే. నా ప్రక్కన ఒక ముసలమ్మ చంకలోని పసివాడు వారిలో ఒకనివైపు వ్రేలు చూపి కేరింతలు కొట్టినాడు. "వాళ్ల నాయిన" అన్నది ముసలమ్మ. మొగం కనబడకుండా ఎట్లా పోల్చినాడని అడిగినాను. ఆమె నా అజ్ఞానానికి నవ్వింది. "దినాం సూసే అడుగే గదా!"

ఆ పసివానికి రోజూ చూచే అడుగు తెలుసు. నేను ఆ విద్యార్థిని చూచింది ఆనాటి ఉదయం, అంతకు ముందు అతని చూపు ఎట్లుండునో, చేయి ఎట్లుండునో నాకు తెలియదు. రెండేండ్లు ప్రక్కన కూర్చుండి ఆడితే గాని మా తమ్ముని కూతురి పెదవి నాకు అర్థం కాలేదు. అదైనా నాలుగు ఆటల ముచ్చట.

దసరానాటి ఆట సంగతి చెప్పి ముగిస్తాను. రాత్రి తొమ్మిదయింది. చివరి పందెం. రాముని చీటి నాకే వచ్చింది. తమ్ముని కూతురు పెదవి పంటితో నొక్కి నా వైపే చూస్తున్నది. పాత లెక్క ప్రకారం లక్ష్మణుడు, కొత్త లెక్క ప్రకారం ఎవరైనా కావచ్చు. ఆమె అన్న నవ్వు ఆపుకొంటున్నాడు, వానికి హనుమంతుడు వచ్చినా అదే నవ్వు. మా ఇంటి ఇల్లాలు ఏ చీటి వచ్చినా వంటింటి వైపే చూస్తుంది. ప్రక్కింటి పిల్లవాడు ఆవులిస్తున్నాడు. నేను ఎటూ తేల్చుకొనలేక ఒక్కొక్కరినీ మళ్లీ చూస్తుంటే మేనల్లుడు ఇరవై ముఖాల పాచికను అరచేత పెట్టి నా ముందుకు చాచినాడు. "ఎయ్యి మామా, అదే చెప్తది" అన్నాడు. అక్కరలేదని ఆ చేయి ప్రక్కకు నెట్టి, తమ్ముని కూతురి వైపు వ్రేలు చూపినాను.

ఆ పిల్ల చీటి విప్పింది. లక్ష్మణుడు. పాత లెక్కే!

సీత మేనల్లుని మోకాలి క్రింద ఉన్నది. పాచిక చాచి నా కన్నును ఆ చేతి మీదికి తిప్పినాడు. తమ్ముని కూతురు పుస్తకం అందుకొని అతని పేర 1000 వేసి, నా పేర సున్న చుట్టింది.